బొల్లికి పైపూత మందులు

చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్ కణాలు నశించిన చోట తెల్లమచ్చలు పడటమే బొల్లి. శరీరంలోని రోగనిరోధక కణాలే ఆ రంగు కణాల మీద దాడి చేయడం దీనికి ముఖ్య కారణం. ఇది అంటుజబ్బు కాదు, కుష్ఠు అంతకంటే కాదు. ఈ మచ్చల మీద రాసే మందుల చరిత్రలో పెద్ద భాగం ఎండను అదుపులో పెట్టి వాడుకోవడం గురించే.

తెల్లమచ్చలకు మూలికల ప్రస్తావన అథర్వవేదంలోనే ఉంది. ఆయుర్వేదం ఈ జబ్బును శ్విత్రం అంది. చరక సంహిత చెప్పే పద్ధతిలో రోగికి ముందు విరేచనమిచ్చి, ఒంటికి నూనె పట్టించి, ఓపిక ఉన్నంతసేపు ఎండలో ఉంచాలి. మచ్చల మీద బొబ్బలు లేస్తే ముల్లుతో చిదపాలి. వినడానికి మోటుగా ఉన్నా, మచ్చకు ఎండ కావాలన్న సంగతి అప్పటికే తెలుసునన్నమాట. మూలికల్లో పేరు మోసినవి బావంచాలు. ఈ నల్లటి చిన్న గింజలు పచారీ కొట్లలో నేటికీ దొరుకుతాయి. గోమూత్రంలో నానబెట్టి, నూరి రాయడం పాత అలవాటు.

ఈ గింజల మీద కలకత్తాలో చోప్రా, చటర్జీ చేసిన పరిశోధన 1927లో వచ్చింది. 1933లో జోయిస్, మంజునాథ్, వెంకటరావు వీటి నుంచి సొరాలెన్‌ను వేరు చేశారు. ఈజిప్టులో నైలునది తీరాన పెరిగే అమ్మి మేజస్ మొక్కలోనూ ఇలాంటి పదార్థాలే దొరికాయి. 1940ల్లో కైరో వైద్యుడు ఎల్ మోఫ్తీ వాటిని బొల్లికి వాడి, 1948లో ఫలితాలు ప్రచురించారు. మన దేశంలో మెలనోసిల్ వంటి ద్రావణాలు ఆ దారిలో వచ్చినవే.

సొరాలెన్ ఒంటరిగా పెద్దగా పనిచేయదు. మచ్చకు రాసి, కాసేపు ఆగి, ఎండలో కొన్ని నిమిషాలే ఉంచితే అతినీలలోహిత-ఏ కిరణాలు దాన్ని ప్రేరేపిస్తాయి. ఫలిస్తే ముందుగా వెంట్రుకల కుదుళ్ల చుట్టూ గోధుమరంగు చుక్కలు పొడుస్తాయి. అవి పెరిగి ఒకదానితో ఒకటి కలుస్తాయి. కుదుళ్లలో దాగిన రంగు కణాలే బయటికి వస్తున్నాయన్నమాట. వెంట్రుకలు లేని పెదవులు, వేళ్ల కొసలు అందుకే మొండికేస్తాయి. నాలుగు నిమిషాలు ఎక్కువైతే మాత్రం చర్మం కాలి బొబ్బలెక్కుతుంది. ఏలూరు, పెదవేగి వైపు వేసవి ఎండలో, అందులోనూ రోజంతా పొలంలోనో చేపల చెరువు గట్టునో ఉండేవాళ్లకు ఈ మందు ఇంట్లో సొంతంగా వాడటం ప్రమాదమే. కిటికీ అద్దం కూడా ఈ కిరణాలను పూర్తిగా ఆపదు.

1939లో అమెరికాలోని ఒక తోళ్ల కర్మాగారం నుంచి తిరగేసిన కథ బయటపడింది. రబ్బరు చేతితొడుగులు వేసుకునే కార్మికుల చేతులు తెల్లబడ్డాయి. రబ్బరులోని మోనోబెంజోన్ రంగు కణాలను చంపేస్తోందని తేలింది. దాన్నే తర్వాత మందుగా చేశారు. ఒళ్లంతా మచ్చలు పరచుకున్నవారికి మిగిలిన రంగును కూడా తీసేసి చర్మాన్ని ఒకే తీరుగా చేయడం దాని పని. బొట్టుబిళ్ల జిగురులోని పారా-టెర్షియరీ-బ్యుటైల్‌ఫినాల్ కూడా ఇలాగే నుదుట తెల్లమచ్చ తెస్తుందని 1990లో మన దేశ వైద్యులు రాశారు. అలాంటివారు పూతమందు అడిగే ముందు బిళ్ల మానాలి.

1952లో హైడ్రోకార్టిజోన్ పూత చర్మవైద్యాన్ని మార్చింది. తర్వాత వచ్చిన గట్టి స్టెరాయిడ్లు కొత్త మచ్చల మీద బాగానే పనిచేశాయి. కానీ నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది. ఇలాంటి ట్యూబులు చీటీ లేకుండా అమ్ముడవుతుండటంతో 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతలను వైద్యుడి చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ జాబితాలో చేర్చింది. బొల్లి నయం చేస్తామనే ప్రకటనలపై 1954 నాటి చట్టం నిషేధం ఉన్నా, గోడల మీద అవి ఆగలేదు.

2000 తర్వాత టాక్రోలిమస్ లేపనం బొల్లికీ వాడుకలోకి వచ్చింది. చర్మాన్ని పలచబరచదు కాబట్టి ముఖానికీ కనురెప్పలకూ దాన్ని ఎంచుకుంటారు. తెలుగునాట చెప్పుకోదగ్గది హైదరాబాద్‌కు చెందిన ఇస్సార్ ఫార్మాస్యూటికల్స్ తెచ్చిన మెల్‌గెయిన్. ఫైబ్రోబ్లాస్ట్ గ్రోత్ ఫ్యాక్టర్ నుంచి తీసుకున్న పది అమైనో ఆమ్లాల ముక్క అందులోని సరుకు. దీన్ని తరచు కాంతి చికిత్సతో, అంటే అతినీలలోహిత కిరణాల చికిత్సతో, కలిపి వాడతారు.

బొల్లికి రంగు తిరిగి తెప్పించే మందుగా అమెరికా ఔషధ సంస్థ మొదట అనుమతించింది 1.5 శాతం రక్సోలిటినిబ్ క్రీమునే. అది 2022 జూలైలో, పన్నెండేళ్లు నిండినవారికి. రోగనిరోధక కణాలను దాడికి పురిగొల్పే జేఏకే సంకేతాన్ని అది అడ్డుకుంటుంది. పరీక్షల్లో 24 వారాలకు సుమారు 30 శాతం మందికి ముఖం మీది మచ్చలు కనీసం ముప్పాతిక వంతు తగ్గాయి. మందులేని క్రీము రాసుకున్నవారిలో ఇది పదిశాతం అటూఇటూ. అక్కడ ఒక ట్యూబు ధర రెండు వేల డాలర్ల దరిదాపు. మన చర్మవైద్యులు అదే కుటుంబానికి చెందిన టోఫాసిటినిబ్ పూతను కొందరికి రాస్తున్నారు. అయినా సాధారణ చికిత్స ఇప్పటికీ స్టెరాయిడ్, టాక్రోలిమస్, కాంతి చికిత్సల మధ్యే తిరుగుతోంది.