దువ్వెనకి లొంగిన జుట్టు

పాత బార్బీ బొమ్మ చేతికొస్తే, సేకరించేవాళ్లు మొట్టమొదట చేసే పని దాని తల కడగడం. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల షాంపూ, ఆ తర్వాత కాస్త కండిషనర్. చిక్కు తీసేటప్పుడు కుదుళ్ల నుంచి లాగకూడదు. కొసల దగ్గర మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి రావాలి. సన్నపళ్ల స్టీలు దువ్వెన అయితే మేలు. చివర్లో వేడినీళ్లు పోసి సాపుగా దువ్వి దించితే, ఏళ్ల తరబడి అట్టపెట్టెలో ఉండలు కట్టిన జుట్టు కూడా మళ్లీ కిందకి జారుతుంది. నేనూ చాలా తలలకి ఈ సేవ చేశాను. చేస్తూ ఉండగా ఒక ప్రశ్న పట్టుకుంది. ఈ పద్ధతి ఎవరి జుట్టుని దృష్టిలో పెట్టుకుని పుట్టింది?

పందొమ్మిదో శతాబ్దపు జర్మన్, ఫ్రెంచ్ పింగాణీ బొమ్మలకి మేక బొచ్చుతోనో, మనుషుల జుట్టుతోనో చేసిన సవరాన్ని తల మీద అంటించేవారు. వినైల్ తలలు వచ్చాక జుట్టుని కుచ్చులు కుచ్చులుగా తలలోకే కుట్టడం వీలైంది. 1959 మార్చి 9న న్యూయార్క్ టాయ్ ఫెయిర్‌లో మాటెల్ కంపెనీ మొదటి బార్బీని చూపించింది. ఆమె పోనీటెయిల్, నుదుటి మీది ముంగురులు సరాన్ అనే ప్లాస్టిక్ దారంతో చేసినవి. 1933లో డౌ కెమికల్ ప్రయోగశాలలో పనిచేసే రాల్ఫ్ వైలీకి, ఎంత రుద్దినా గాజు పాత్రని వదలని మడ్డి రూపంలో ఈ పదార్థం దొరికింది. తర్వాత వంటింట్లో గిన్నెల మీద కప్పే పల్చటి పొరగా కూడా అమ్మారు.

ఇలాంటి దారం వేడి తగిలితే మెత్తబడుతుంది, చల్లారాక ఆ చివరి ఆకారంలోనే బిగుసుకుంటుంది. స్ట్రా ముక్కలకి చుట్టి వేడినీళ్లలో ముంచితే రింగులు తిరుగుతుంది, సాగదీసి ముంచితే తిన్నగా నిలుస్తుంది. అయితే అన్ని దారాలకీ ఒకే వేడి పనికిరాదు. మరిగే నీళ్లు పోస్తే కనెకలాన్ అనే దారం కొబ్బరిపీచులా రేగిపోతుంది. అందుకే దారమేదో తెలుసుకోకుండా పొయ్యి వెలిగించకూడదు.

ఇంతవరకూ ఇది రసాయనం. ఇక్కడి నుంచి చరిత్ర.

1967లో మాటెల్ ఒక నల్లజాతి ఫ్రాన్సీని తెచ్చింది. అచ్చు మాత్రం తెల్ల ఫ్రాన్సీదే. ముక్కు అదే, పెదవులు అవే, జుట్టు కూడా తిన్ననిదే. మారింది రంగొక్కటే. 1968లో బార్బీ స్నేహితురాలిగా క్రిస్టీ వచ్చింది. కానీ 'బార్బీ' అన్న పేరు ఒక నల్లజాతి బొమ్మకి దక్కడానికి 1980 దాకా, అంటే 21 ఏళ్లు ఆగాల్సి వచ్చింది. కిటీ బ్లాక్ పెర్కిన్స్ అనే నల్లజాతి డిజైనర్ ఆ బొమ్మకి ఎర్రటి దుస్తులు వేసింది, పొట్టి ఆఫ్రో జుట్టు పెట్టింది. భుజాల మీదకి జారే జుట్టే అందం అని 21 ఏళ్లుగా చెప్పిన బొమ్మల వరసలో, తల చుట్టూ గుండ్రంగా నిలబడే జుట్టుతో ఒకామె వచ్చి నిలుచుంది.

ఇప్పుడు పైన చెప్పిన పద్ధతిని ఈమెకి వర్తింపజేయండి. స్టీలు దువ్వెన పెట్టి కొసల నుంచి లాగితే రింగులు విడిపోయి పీచవుతాయి. వేడినీళ్లు పోసి సాపుగా దించితే ఇక ఆఫ్రోనే ఉండదు. బొమ్మని బాగుచేయడం అనుకుంటూ చేసే పని, పెర్కిన్స్ పెట్టిన జుట్టుని తుడిచేస్తుంది.

బొమ్మల వ్యాపారంలో 'హెయిర్ ప్లే' అనే మాట ఉంది. పిల్లలు దువ్వుకోవడానికి, జడలు వేయడానికి పొడుగు జుట్టు ఉంటేనే బొమ్మ అమ్ముడవుతుందని లెక్క. ఆ లెక్క తప్పని చెప్పడం కష్టమే. 1992లో వచ్చిన టోటల్లీ హెయిర్ బార్బీకి జుట్టు పాదాల దాకా ఉంటుంది. కోటికి పైగా అమ్ముడైంది. నల్లజాతి పిల్లల కోసం చేసిన ప్రతిలో కూడా జుట్టు పాదాల దాకానే. ఆటకి పనికొచ్చేది దువ్వెనకి లొంగే జుట్టే అని కంపెనీ తీర్మానించుకుంది. 2016లో ఫ్యాషనిస్టాస్ వరసలో రకరకాల ఒంటిరంగులతో, ఒడ్డూ పొడుగులతో పాటు రకరకాల జుట్లు కూడా వచ్చేసరికి, 1980లో ఆ పొట్టి జుట్టుతో ఆడుకున్న పిల్లలు నడివయసుకి వచ్చేశారు.

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అనిపించొచ్చు. కానీ రింగుల జుట్టు పిల్లని గడప మీద కూర్చోబెట్టి, అరచేతినిండా నూనె రాసి, 'దువ్వెన దిగదేంటే నీ తలకి' అని విసుక్కునే ఇళ్లు మనకీ కొత్త కాదు. తప్పు దువ్వెనది అయ్యుండొచ్చని ఆ ఇళ్లలో ఎవరికీ తోచదు.

ఇక మిగిలింది క్రిస్టీ. అరవైల చివరి నాటి క్రిస్టీ బొమ్మల్లో చాలావాటికి నల్లని జుట్టు కాలంతో పాటు రంగు మారి ఎర్రబడింది. ఇందులో ఎవరి కుట్రా లేదు, రంగు గాలికి మారడమే. కొందరు దానికి మళ్లీ నల్లరంగు వేస్తారు. పిల్లలు కొనుక్కున్న రోజున ఎలా ఉందో అలా చూడాలన్న కోరిక నాకు అర్థమవుతుంది. అయినా నేను వేయను. కొత్త రంగు వేశాక, ఆ తల మీద గడిచిన యాభై ఏళ్లకి గుర్తు ఏదీ ఉండదు. రంగు వేసిన బొమ్మని తర్వాత కొనేవాళ్లకి ఆ సంగతి తెలిసే దారి కూడా ఉండదు.

ఆఫ్రో తలకి నేను పాటించే పద్ధతి చాలా చిన్నది. చల్లటి నీళ్లు, ఒక చుక్క షాంపూ, మెత్తని గుడ్డతో అద్దడం. దువ్వెన పెట్టను. నీడలో దానంతట అదే ఆరనిచ్చి, అణిగిపోయిన చోట వేలి కొసతో కాస్త పైకి ఎత్తుతాను. ఐదు నిమిషాల పని, అంతే.