పెద్దవయసులో దంత ఇంప్లాంట్లు, ఆరోగ్య బీమా: గోదావరి డెల్టా

ఊడిపోయిన పన్ను స్థానంలో దవడ ఎముకలో టైటానియం మర బిగించి, దాని మీద తీయనక్కర్లేని పన్ను కట్టే చికిత్సను దంత ఇంప్లాంటు అంటారు. 2022 ఏప్రిల్ 4 పునర్విభజన తర్వాత తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, కాకినాడ, డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ, ఏలూరు జిల్లాల్లోకి సర్దుకున్న గోదావరి డెల్టాలో ఈ చికిత్స ఇప్పుడు అందుబాటులోనే ఉంది. ఖర్చు మాత్రం దాదాపు ఎప్పుడూ సొంత డబ్బే. వయసు మీదపడి, చిగుళ్ళ జబ్బుతో ఊడిన పళ్ళకు ప్రభుత్వ పథకాలు గానీ మామూలు ప్రైవేటు పాలసీలు గానీ ఇంప్లాంటు పెట్టించవు. ప్రమాదంలో దవడ విరిగినా, దవడలో కణితి లేచినా బీమా వర్తిస్తుంది, అదీ ప్రధానంగా ఎముకకు చేసే చికిత్స వరకే.

చికిత్స

టైటానియం సజీవమైన ఎముకతో అతుక్కుపోతుందని స్వీడన్ శాస్త్రవేత్త పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ 1950లలో కుందేళ్ళ మీద ప్రయోగాలు చేస్తూ గమనించారు. 1965లో గోథెన్‌బర్గ్‌లో మొదటిసారి ఒక మనిషి దవడలో టైటానియం ఇంప్లాంట్లు అమర్చారు. నేటి ఇంప్లాంట్లన్నిటికీ ఆ పనే మూలం.

మర బిగించాక ఎముక దాన్ని పట్టుకోవడానికి సాధారణంగా 3 నుంచి 6 నెలలు ఆగాలి. ఆ తర్వాతే పైన పన్ను కడతారు. పెద్దవాళ్ళకు చిక్కు ఎక్కువగా ఎముక దగ్గరే వస్తుంది. పన్ను ఊడి ఏళ్ళు గడిచేకొద్దీ ఆ చోట ఎముక అరిగిపోతుంది. డాక్టరు దవడలు మొత్తం కనిపించే ఓపీజీ ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి, పై దవడ వెనక భాగంలో సైనస్ గదికీ చిగురు అంచుకూ మధ్య ఎన్ని మిల్లీమీటర్ల ఎముక మిగిలిందో కొలుస్తారు. అది చాలకపోతే ముందు ఎముక పొడి నింపాలి, అంటే మరో ఖర్చు, మరికొన్ని నెలలు. షుగరు అదుపులో లేకపోయినా, ఎముకలు గుల్లబారకుండా బిస్‌ఫాస్ఫొనేట్ మందులు వాడుతున్నా జాగ్రత్త రెట్టింపు అవుతుంది. 

డెల్టాకు సంబంధించినంత వరకు పొగాకును విడిగా చెప్పుకోవాలి. గోదావరి లంకల్లో పండే లంక పొగాకు చుట్టలకు పేరు పడింది. కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ 1947లో వెలసింది కూడా రాజమండ్రిలోనే. ఏళ్ళ తరబడి చుట్ట కాల్చిన నోట్లో చిగుళ్ళ జబ్బు ముదిరి పళ్ళు కదలడం ఎక్కువ, పెట్టిన ఇంప్లాంటు నిలవకపోయే ప్రమాదమూ ఎక్కువ. 

ఒక్కో పన్నుకు ఖర్చు, వాడే కంపెనీని బట్టి, సుమారు 20,000 నుంచి 50,000 రూపాయల దాకా ఉంటుంది. దవడ మొత్తానికి నాలుగు నుంచి ఆరు ఇంప్లాంట్ల మీద పళ్ళు కట్టించుకుంటే ఖర్చు లక్షల్లోకి వెళ్తుంది.

బీమా ఎందుకు వర్తించదు

భారతదేశంలో ఆరోగ్య బీమా ఆస్పత్రి మంచాన్ని కేంద్రం చేసుకుని పుట్టింది. కనీసం 24 గంటలు ఆస్పత్రిలో చేరాలి, లేదా డే కేర్ (చేసిన రోజే ఇంటికి పంపేది) కింద లెక్కకొచ్చే చికిత్స అయివుండాలి. పళ్ళ వైద్యం కుర్చీలో కూర్చోబెట్టి చేస్తారు, రోగి గంటకో రెండు గంటలకో ఇంటికి వెళ్ళిపోతాడు. ఇంప్లాంటును అందచందాల పద్దులో వేయడం రెండో కారణం. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2013లో ఇచ్చిన ప్రామాణిక నిర్వచనంలో దంత చికిత్స నుంచి సౌందర్య శస్త్రచికిత్సలతో పాటు ఇంప్లాంట్లను కూడా మినహాయించింది. 2016లో మార్చిన నిర్వచనంలో ఆ మినహాయింపు మాట లేదు. కంపెనీల పాలసీ పత్రాల్లో మాత్రం అది అలాగే నిలిచిపోయింది.

ఇంప్లాంటును అందచందాల పద్దులో వేసే ఈ వర్గీకరణ సరికాదు. పళ్ళు లేని పెద్దలు ముందుగా వదిలేసేవి గట్టి కూరగాయలు, గింజలు, మాంసం. కంచంలో మిగిలేది మెత్తగా కలిపిన అన్నం, మజ్జిగ. షుగరు ఉన్న మనిషికి అలా అన్నం వాటా పెరగడమంటే జబ్బు పెరగడమే. నమలడాన్ని అలంకారమని కొట్టిపారేసే నిబంధన డెబ్బై ఏళ్ళ మనిషి తిండిని పట్టించుకోకుండా రాసినది.

ప్రభుత్వ పథకాలు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఏప్రిల్ 1న మొదలైన రాజీవ్ ఆరోగ్యశ్రీ ప్రభుత్వాలతో పాటు పేర్లు మారుతూ వచ్చి, ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తోంది. పరిమితి 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి 25 లక్షల రూపాయలకు పెరిగింది. అంత పెద్ద మొత్తం చూసి ఇంప్లాంటు కూడా వస్తుందనుకునేవారున్నారు. కానీ ఈ పథకం జాబితాలోని చికిత్సలకే వర్తిస్తుంది. నోటి క్యాన్సరు శస్త్రచికిత్సలు, ముఖం దవడల గాయాలు జాబితాలో ఉన్నాయి. ఊడిన పన్ను కట్టించుకోవడం లేదు.

కేంద్ర పథకం ఆయుష్మాన్ భారత్‌ను 2024 అక్టోబరు 29న 70 ఏళ్ళు దాటిన అందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, విస్తరించారు. ఆయుష్మాన్ వయ వందన కార్డు మీద ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా వైద్యం ఉచితం. దీని మినహాయింపుల్లో పళ్ళు పూడ్చడం, రూట్ కెనాల్, అరిగిన పళ్ళు, చిగుళ్ళ జబ్బులతో పాటు దంత ఇంప్లాంట్లూ ఉన్నాయి. గాయం, కణితి, తిత్తి వల్ల ఎముకకు చికిత్స కావాల్సి వచ్చి ఆస్పత్రిలో చేరితే ఆ మినహాయింపు వర్తించదు.

ఈ తేడా ఆచరణలో ఎలా ఉంటుందంటే, రావులపాలెం దగ్గర హైవే మీద బండి జారి పడిన పెద్దాయనకు కింది దవడ విరిగి, ముందు పళ్ళు నాలుగు ఊడిపోయాయనుకుందాం. దవడకు ప్లేట్లు వేసి బిగించే ఆపరేషన్, వార్డు, మందులు పథకం కిందికి వస్తాయి. ఎముక అతుక్కుని, కట్లు తీసేసి, ఆర్నెల్ల తర్వాత ఆ నాలుగు పళ్ళ కోసం క్లినిక్కుకు వెళ్తే బిల్లు ఆయనదే. కాబట్టి డిశ్చార్జి సమ్మరీలో ఊడిన పళ్ళ సంఖ్య, అవి ప్రమాదంలోనే పోయాయన్న మాట తప్పకుండా రాయించుకోవాలి. ప్రైవేటు పాలసీ కూడా ఉంటే తర్వాతి క్లెయిముకు ఆధారం ఆ కాగితమే.

పేద వృద్ధులకు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చేది కట్టుడు పళ్ళు. 2017 ఏప్రిల్ 1న నెల్లూరులో ప్రారంభమైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద 60 ఏళ్ళు దాటిన పేదలకు చేతికర్రలు, వినికిడి యంత్రాలు, కళ్ళద్దాలతో పాటు పళ్ళ సెట్టు కూడా జాబితాలో ఉంది. ఇంప్లాంటు స్థోమత లేనివారు ముందుగా విచారించాల్సింది ఇక్కడే.

మాజీ సైనికులది వేరే దారి. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం తరతరాలుగా సైన్యానికి మనుషుల్ని పంపిన ఊరు. అలాంటి ఊళ్ళ పింఛనుదారులకు 2003లో మొదలైన మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ ఉంది. దాని పాలీక్లినిక్కుల్లో పళ్ళ డాక్టర్లూ ఉంటారు. బయట చికిత్సకు, అత్యవసరమైతే తప్ప, సాధారణంగా పాలీక్లినిక్ రిఫరల్ చేతికొచ్చాకే వెళ్ళాలి.

ప్రైవేటు పాలసీలు

2024 ఏప్రిల్ 1 నుంచి కొత్త పాలసీ కొనడానికి 65 ఏళ్ళ గరిష్ఠ పరిమితి లేదు. ముందునుంచీ ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం మూడేళ్ళకు మించరాదు. వృద్ధుల ప్రీమియాన్ని ఏడాదిలో 10 శాతం కంటే ఎక్కువ పెంచాలంటే ముందుగా తనను సంప్రదించాలని ఐఆర్‌డీఏఐ 2025 జనవరిలో ఆదేశించింది. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి రద్దయింది. ఇవన్నీ పాలసీ కొనడాన్ని సులువు చేశాయే గానీ నోటి దాకా రాలేదు.

అన్ని కంపెనీలూ అమ్మే ప్రామాణిక పాలసీ ఆరోగ్య సంజీవని 2020లో వచ్చింది. జబ్బు వల్లో గాయం వల్లో అవసరమైన దంత చికిత్స అందులో ఉంది. ఈ వాక్యం చదివి చాలామంది ఆశపడతారు. అయితే అది ఆస్పత్రిలో చేరినప్పుడు అయ్యే ఖర్చుల కింద రాసిన వాక్యం, పైగా ప్రతి క్లెయిములో 5 శాతం పాలసీదారే భరించాలి. అదనపు ప్రీమియంతో ఓపీ ఖర్చులిచ్చే పాలసీల్లో పన్ను తీయించడం, శుభ్రం చేయించడం ఉండవచ్చు. ఏజెంటు నోటిమాట కాకుండా మినహాయింపుల పేజీలో ఇంప్లాంటు, క్రౌన్ (పంటి తొడుగు) అనే మాటలు వెతికి చూశాకే డబ్బు కట్టడం మంచిది.

ఖర్చు తగ్గే మార్గాలు

దంత కళాశాలల్లో చికిత్స సాధారణంగా ప్రైవేటు క్లినిక్కుల కంటే చవక. భీమవరంలో విష్ణు, రాజానగరంలో జీఎస్ఎల్, లెనోరా, అమలాపురంలో కిమ్స్ కళాశాలలు ఉన్నాయి. పీజీ విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో చేస్తారు కాబట్టి ఎక్కువసార్లు తిరగాల్సి రావచ్చు. కింది దవడకు రెండు ఇంప్లాంట్లు వేసి వాటికి పళ్ళ సెట్టు తగిలించే పద్ధతి మధ్యేమార్గం. సెట్టు జారదు, ఖర్చు దవడంతా ఫిక్స్‌డ్ పళ్ళు కట్టించినంత కాదు.

పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కట్టే 60 ఏళ్ళు దాటినవారికి ఆరోగ్య బీమా లేకపోతే, వైద్య ఖర్చు 50,000 రూపాయల దాకా సెక్షన్ 80డి కింద మినహాయించుకోవచ్చు. చెల్లింపు నగదులో ఉండకూడదు.

ఇతర దేశాల్లో

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులు అక్కడ పళ్ళు బాగు చేయించుకోవచ్చని అనుకోవడం పొరపాటు. అక్కడి వృద్ధుల బీమా మెడికేర్ 1965లో పుట్టినప్పటినుంచీ మామూలు పళ్ళ వైద్యాన్ని పక్కనే పెట్టింది, సందర్శకుల బీమా మహా అయితే హఠాత్తుగా వచ్చే పంటినొప్పి వరకు చూస్తుంది. కెనడా కొత్త దంత పథకమూ ఇంప్లాంట్లను మినహాయించింది. దక్షిణ కొరియా వేరే దారి తీసుకుంది. 2014లో 75 ఏళ్ళు దాటినవారితో మొదలుపెట్టి 2016 నాటికి వయసును 65కు తగ్గించింది. జీవితకాలంలో రెండు ఇంప్లాంట్లు జాతీయ బీమా కింద ఇస్తారు, 2018 నుంచి రోగి వాటా 30 శాతం.

ఫిర్యాదులు

ప్రైవేటు క్లెయిము తిరస్కరిస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. జవాబు నచ్చకపోయినా, 30 రోజుల్లో రాకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండా ఫిర్యాదు చేసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో పాటు గోదావరి పాయ ఒడ్డునున్న యానాం కూడా ఆ కార్యాలయం పరిధిలోదే. ఎన్టీఆర్ వైద్య సేవ రోగులు మొదట ఆస్పత్రిలో పథకం తరఫున ఉండే సహాయకులను, ఆ తర్వాత 104 నంబరును సంప్రదించాలి.