పెరంబూరు నడుములు

1918లో మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది చెన్నైలోని పెరంబూరు మిల్లు కార్మికుల మధ్యే. 1955 అక్టోబరు 2న నెహ్రూ ఇక్కడే ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీని ప్రారంభించారు. మగ్గాల దగ్గరా, రైలు పెట్టెల కిందా పనిచేసిన తరాలు, వాటిలో తెలుగు కుటుంబాలూ, ఈ వీధుల్లోనే వృద్ధాప్యానికి చేరాయి. నడుము వంగితే వయసు మీదపడిందని సరిపెట్టుకోవడం ఎక్కడైనా ఉండే అలవాటే.

ఆ అలవాటు ప్రమాదకరం. వంగిన నడుము వెనక తరచూ గుల్లబారిన ఎముక ఉంటుంది. ముట్లుడిగాక స్త్రీలకు ఎముకలు పలచబడే తీరును అమెరికా వైద్యుడు ఫుల్లర్ ఆల్‌బ్రైట్ 1941లో వివరించాడు. ఎముక సాంద్రత ఎంత తగ్గితే జబ్బో ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చింది 1994లో.

ఇలా గుల్లబారిన వెన్నుపూస విరగడానికి పడనక్కర్లేదు. నీళ్ల బిందె ఎత్తినా, గట్టిగా దగ్గినా పూస ముందుభాగం నలిగిపోవచ్చు. నొప్పి లేక చాలామందికి తెలియనే తెలియదు.

ఢిల్లీలో 50 దాటినవారికి ఎక్స్‌రేలు తీస్తే సుమారు 18 శాతం మందిలో ఇలాంటి విరుగుళ్లు కనిపించాయి. మగవాళ్లూ తక్కువేమీ కాదు. ఎండలు మండే తిరుపతి ప్రాంతంలోనూ పరిశోధకులు ఎముక బలానికి అవసరమైన విటమిన్ డి లోపాన్ని విస్తృతంగా గుర్తించారు.

పూసలు నలిగితే మనిషి పొట్టి అవుతాడు కాబట్టి, ఇంట్లో పెద్దల ఎత్తు తగ్గినట్టనిపిస్తే వెంటనే డాక్టరుకు చూపించండి.