కొక్కెపు సూది దారి

మరమగ్గాల పని వెతుక్కుంటూ తెలంగాణ పద్మశాలీలు వచ్చి స్థిరపడ్డ నగరం గుజరాత్‌లోని సూరత్. కుట్టుమిషన్ అనగానే మనవాళ్ల నోట సింగర్ పేరో ఉషా పేరో వస్తుంది. వాటికన్నా ముందటివాడు ఫ్రెంచి దర్జీ బార్తెలెమీ తిమోనియే. అతని కథ ఎత్తుకోవాల్సింది ఈ గుజరాత్ నుంచే.

ఇక్కడి మోచీలు తోలు కుట్టే ఆరి అనే కొక్కెపు సూదితోనే బట్ట మీద గొలుసుకుట్టు పువ్వులు దించారు. ఆ వస్త్రాలు 17వ శతాబ్దంలో సూరత్ రేవులో ఓడలెక్కాయి. చట్రానికి గుడ్డ బిగించి కొక్కెపు సూదితో కుట్టే విద్య 18వ శతాబ్దంలో యూరప్ చేరింది. భారత్ నుంచా, చైనా నుంచా అన్నది పండితుల వాదన. మనం పెళ్లి జాకెట్ల మీద చేయించుకునే మగ్గం వర్క్ ఆ జాతిదే.

తిమోనియే 1793లో లియాన్ దగ్గరి లార్బ్రెల్‌లో పుట్టాడు. చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు ఇంటిపట్టున ఈ కొక్కెపు సూదితోనే కూలికి పువ్వులు కుట్టేవాళ్లు. ఆ చేతివాటాన్నే అతను ఒక కర్ర యంత్రానికి పట్టించాడు. 1830లో పేటెంట్ వచ్చింది. పారిస్‌లో 80 మిషన్లు సైనికుల దుస్తులు కుట్టసాగాయి. మరుసటి జనవరిలో దర్జీలు గుంపుగా వచ్చిపడి వాటిని విరగ్గొట్టారు. వాళ్లను మూర్ఖులనేయడం తేలికే. మరమగ్గం దెబ్బ తిన్న చేనేత ఇంట్లో పుట్టినవాళ్లెవరూ ఆ మాట అనరు. అమెరికాలో వాల్టర్ హంట్ కూడా కుట్టుపని ఆడవాళ్ల కూడు పోతుందని తన మిషన్‌కి అప్పట్లో పేటెంటే తీసుకోలేదంటారు.

తిమోనియే మిషన్‌ను వీపున మోసుకుని, దారిలో ఆడించి చూపి చిల్లర సంపాదిస్తూ నడిచి ఊరు చేరాడని చెబుతారు. అసలు లోపం కుట్టులోనే ఉంది. బియ్యం బస్తా మూతికి కొస దారం లాగితే సర్రున ఊడివస్తుందే, అదే కుట్టు. 1846లో పేటెంట్ పొందిన మిషన్‌లో అమెరికన్ ఎలియాస్ హోవ్ రెండో దారాన్ని నాడెలో పెట్టి పైదారంతో పెనవేశాడు. ఆ నాడె మగ్గం సొత్తు. అంతకుముందు అతను నూలుమిల్లుల యంత్రాలు చేసే చోట పనిచేసినవాడు.

తిమోనియే 1857లో ఆంప్లెపుయీలో కటిక పేదరికంలో పోయాడు. 1860ల్లో అతని గొలుసుకుట్టునే పట్టుకుని పారిస్‌లో బొన్నాజ్, కోర్నెలీలు ఎంబ్రాయిడరీ మిషన్ తెచ్చారు. బల్ల కింది పిడిని తిప్పుతుంటే సూది ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. ఆ తరహా మిషన్‌ను మన కారీగర్లు పిలిచే పేరు ఆరి మిషన్.