గొట్టం మైకులో గిటారు

మా రెడ్డిగూడెంలో ఎవరింట్లో పెళ్ళో శుభలేఖ కన్నా ముందు వేపచెట్టు చెప్పేది. తెల్లారకముందే మా మావయ్య నిచ్చెన వేసుకుని చెట్టెక్కి, గొట్టం మైకును కొమ్మకు తాడుతో బిగించి, దాని మూతి ఊరివైపు తిప్పేవాడు. కింద నేను వైరు అందించేవాణ్ణి. ఒక అహుజా ఆంప్లిఫయరు, రెండు గొట్టాలు, ఒక బ్యాటరీ, చెక్కపెట్టె నిండా రికార్డులు. అదే మా మైకుసెట్టు. రంగాపురం, మద్దులపర్వ, ఎక్కడ పిలిస్తే అక్కడికి మామిడితోటల మధ్య బాటల్లో సైకిలు మీద మోసుకెళ్ళేవాళ్ళం.

మావయ్య పనికి ఒకటే సూత్రం. “మాట వినపడాల్రా. పాట ఎట్లా ఉన్నా మాట వినపడాల.” ఊరి చివర పొలంలో ఉన్నవాడికి కూడా సాహిత్యం అక్షరం అక్షరం అందాలన్నది ఆయన పట్టు. అందుకే బాసు మీటను సున్నా దాటనిచ్చేవాడు కాదు. “పెంచితే యూనిట్టు కాలుద్ది” అనేవాడు. గొట్టం వెనక బిగించే యూనిట్టులో పల్చటి రేకులాంటి పొర ఉంటుంది. లోతైన శబ్దం వస్తే అది హద్దు మీరి ఊగుతుంది, కాయిలు పోతుంది. ఎటూ గొట్టం సుమారు 300 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని సరిగా పలికించలేదు. పలికించలేని దానికోసం యూనిట్టు కాల్చుకోవడం ఎందుకన్నది ఆయన లెక్క, న్యాయమైన లెక్క.

ఆ రోజుల్లో పాటలు కూడా ఈ లెక్కకు సరిపోయేవి. గాయకుడి గొంతు ముందు, వీణా వేణువూ వెనక, తబలా ఇంకాస్త వెనక. 1974లో ఘంటసాల పోయాక ఆయన భగవద్గీత రికార్డు చావు ఇళ్ళలో మోగడం మొదలైంది. శ్లోకం, దాని వెంట తాత్పర్యం, ఒకే గొంతు. దానికంటే గొట్టానికి నప్పిన రికార్డు నేను చూడలేదు. అది వినపడగానే పొలంలో నాగలి ఆగేది. ఎవరు పోయారని అడుగుతూ మనుషులు గట్టెక్కేవాళ్ళు.

తర్వాత రికార్డులు వెళ్ళిపోయి క్యాసెట్టు వచ్చింది. ఫిలిప్స్ వాళ్ళు 1963లో తెచ్చిన ఆ చిన్న డబ్బాలో టేపు వెడల్పు 4 మిల్లీమీటర్లు కూడా ఉండదు. అందులోనే రెండు వైపులకూ రెండేసి దారులు, మొత్తం నాలుగు. డెక్కు వెనక ఎడమకొకటి, కుడికొకటి రెండు పిన్నులుండేవి. మా ఆంప్లిఫయరుకు ఒకటే రంధ్రం. మేము ఎడమ పిన్ను గుచ్చి, కుడిదాన్ని గాలికొదిలేసేవాళ్ళం. ఎన్నో ఏళ్ళు మా ఊరు పాటను ఒక చెవితోనే విన్నది. ఎవరికీ లోటు తెలియలేదు, ఎందుకంటే గొంతును రెండు దారుల్లోనూ సమానంగా పెడతారు.

లోటు 1999లో తెలిసింది. ఆ జులైలో ‘తమ్ముడు’ సినిమా వచ్చింది. ఇండిపాప్ నుంచి సినిమాల్లోకి వచ్చిన రమణ గోగుల సంగీతం. వినాయకచవితి పందిట్లో కుర్రాళ్ళు ‘ట్రావెలింగ్ సోల్జర్’ పెట్టమని పట్టుబట్టారు. పవన్ కల్యాణ్ కసరత్తు చేసే ఘట్టంలో వచ్చే పాట అది. పెట్టాను. గొట్టంలోంచి రంపంతో రేకు కోసినట్టు మోత. గొంతు ఎక్కడో గిటారు వెనక నలిగిపోతోంది. మావయ్య నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. “మాటేదిరా?”

ఆ రాత్రి మా తమ్ముడి వాక్‌మన్ తెచ్చి, చెవుల్లో పెట్టుకుని అదే క్యాసెట్టు విన్నాను. కింద డ్రమ్ము గుండెల్లో కొడుతోంది. బాసు గిటారు దాన్ని పట్టుకుని నడుస్తోంది. గొంతు సరిగ్గా నడినెత్తిన ఉంది. పందిట్లో నేను వినిపించింది పాట కాదు, పాట మీది పెచ్చు మాత్రమే.

ఎందుకో తెలియడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది. బాసు గిటారు లావు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, అది గొట్టంలో పుట్టదు. గరగరలాడించిన ఎలక్ట్రిక్ గిటారు బలమంతా గొట్టానికి ఇష్టమైన చోటే ఉంటుంది. మాటలోని హల్లులు తేటపడేదీ అక్కడే, మనిషి చెవి అన్నిటికన్నా పదునుగా వినేదీ అక్కడే. రాక్ పాట కలిపేవాళ్ళు గొంతును సింహాసనం మీద కూర్చోబెట్టరు. వాయిద్యాల మధ్యే నిలబెట్టి, కింద బాసునూ డ్రమ్మునూ పునాదిగా వేస్తారు. పునాది తీసేస్తే పైనున్నవన్నీ ఒకదాని మీదొకటి పడతాయి. మా పందిట్లో జరిగింది అదే.

రెండు దారులనూ కలపడం ఒక్కటే మా చేతిలో ఉంది. వైర్లు ఊరికే మెలివేస్తే డెక్కుకు మంచిది కాదని, విజయవాడ నుంచి వెయ్యి ఓముల రెసిస్టర్లు రెండు తెచ్చి, పిన్నుకొకటి అతికించి కలిపాను. అప్పుడొక మంచి సంగతి బయటపడింది. రెండు వైపులా ఒకేలా ఉన్నది కలిసి పూర్తి బలంతో నిలుస్తుంది, ఒక్క పక్కనే ఉన్నది తగ్గుతుంది. నడిమధ్యనున్న గొంతు దానంతటదే పైకి లేచింది. మావయ్య ఆ తర్వాతి పెళ్ళిలో అదే పాటకు మీట తాకలేదు. ఆయన మెచ్చుకోలు అంతే, నాకది చాలా ఎక్కువ.

ఇంగ్లీషు బృందం బీటిల్స్ 1965 నాటి ఆల్బమ్ ‘రబ్బర్ సోల్’ను స్టీరియోలో, అంటే రెండు దారుల్లో, కలిపినప్పుడు గొంతులను చాలావరకు ఒక పక్కకు, వాయిద్యాలను మరో పక్కకు పెట్టారని తర్వాత తెలిసి ఒళ్ళు జలదరించింది. ఆ క్యాసెట్టు గనక మా ఒంటి పిన్నుకు చిక్కి ఉంటే పందిరంతా దాదాపు వాయిద్యాలే వినేది. ఆ కాలంలో వాళ్ళకు మోనోయే, అంటే ఒకే దారిలో కలపడమే, ముఖ్యమట. చిన్న రేడియో ముందు, ఒకే స్పీకరు ముందు కూర్చునే జనం కోసమే శ్రద్ధంతా. రెడ్డిగూడెం పందిరికీ లండన్ స్టూడియోకీ ఇంత దగ్గరి చుట్టరికం ఉందని ఆనాడు మావయ్యకు చెప్పలేకపోయానే అని ఇప్పటికీ బాధ.

ఇప్పుడు పెళ్ళిళ్ళకు డీజే పెట్టెలు లారీ మీద వస్తున్నాయి. కిటికీ అద్దాలు వణికేంత బాసు. రాత్రి పది దాటితే ఆపాలని 2000 సంవత్సరపు నిబంధన. మా గొట్టాల్లో ఒకటి తోటలో కాపలా పాక మీద మిగిలింది. మొన్న వేసవిలో బంగినపల్లి కోతలప్పుడు దాన్ని దించి, దుమ్ము దులిపి, ఫోనుకు తగిలించి ‘ట్రావెలింగ్ సోల్జర్’ పెట్టాను. కోతకొచ్చిన కుర్రాడొకడు బుట్ట దించి తాళం వేస్తున్నాడు. అతని కాలు పడుతున్నది డ్రమ్ము దెబ్బ మీద. గొట్టంలో లేని దెబ్బ మీద.