పూచీ ఎవరు?

అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు మన ఎరుకల ఆడవాళ్లకు బుట్టలల్లే చెయ్యి ఉంది. వెదురు కొనే రొక్కం లేదు. అప్పు అడిగితే పూచీ ఎవరనేవారు. దానికి వెనక ఒక చరిత్ర ఉంది.

నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకల వారిని అందులో చేర్చారు. 1952లో చట్టం రద్దయింది గానీ ముద్ర చెరగలేదు. ఠాణాలో హాజరు పలికిన ఇంటికి షావుకారు అప్పిస్తాడా?

1976లో గిరిజన సహకార ఆర్థిక సంస్థ, అదే మన ట్రైకార్, ఏర్పడింది. రాయితీ వచ్చినా మిగతాది బ్యాంకు ఇవ్వాలి. మళ్లీ అదే ప్రశ్న.

దారి తెరిచింది పొదుపు. 1992లో నాబార్డు 500 సంఘాలు లక్ష్యంగా బ్యాంకు లింకేజీ మొదలుపెట్టింది. నెల్లూరు జిల్లా దూబగుంట సారా ఉద్యమం తర్వాత రోజుకో రూపాయి పొదుపు మన రాష్ట్రంలో ఊరూరా పాకింది. దాచినదాన్ని ముందు తమలో తామే అప్పుగా తిప్పుకోవాలి. ఆ పుస్తకాలు చూసి బ్యాంకు రుణమిస్తుంది. తాకట్టు అక్కర్లేదు, ఒకరికొకరు పూచీ. రాయితీ కన్నా ఇదే గట్టిదని మేమంటాం.

అయితే సంఘానికి పదిమంది కావాలి. ఎరుకల ఇళ్లు నాలుగైదే ఉన్న ఊళ్లో ఇతరుల సంఘంలో చేరాలి. చేర్చుకోమని అడిగినప్పుడు ఆ పాత ముద్ర మళ్లీ ఎదురవుతుంది.