ప్రకాశం పంతులుగారి పట్టుదల

రాజకీయాల్లో నీతిగా ఉన్నవాడు పైకి రాడని కొందరు అంటారు. నీతే పైకి తెచ్చిందని పెద్దల పేర్లు చెప్పి వాదించేవారూ ఉన్నారు. టంగుటూరి ప్రకాశం పంతులుగారి జీవితం చూస్తే ఇరుపక్షాలకూ సాక్ష్యం దొరుకుతుంది.

ఆయన మద్రాసు హైకోర్టులో పేరుమోసిన బారిస్టరు. 1921లో సహాయ నిరాకరణ పిలుపు రాగానే ప్రాక్టీసు వదిలేసి 'స్వరాజ్య' పత్రిక పెట్టారు. గడించిన ఆస్తి అంతా అందులో కరిగిపోయింది. 1928 ఫిబ్రవరి 3న, సైమన్ కమీషన్ బహిష్కరణనాడు, తుపాకీ ఎదుట రొమ్ము విప్పి నిలబడ్డారు. జనం ఆంధ్రకేసరి అన్నది ఊరికే కాదు. ఢిల్లీ పెద్దలు రాజాజీ వైపు మొగ్గినా, 1946లో మద్రాసు ప్రధానమంత్రి పదవి (అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే అనేవారు) పంతులుగారికి దక్కిందంటే ఆ త్యాగం చలవే.

పదవిలోకి వచ్చాక కూడా అదే మనిషి, అదే పట్టు. ఖద్దరును నమ్మినవారు గనుక కొత్త బట్టల మిల్లులు వద్దన్నారు. సొంత పార్టీలోనే వ్యతిరేకత ముదిరింది. ఏడాది నిండకముందే, 1947 మార్చిలో, దిగిపోవలసి వచ్చింది.

1951లో కాంగ్రెసు విడిచి వెళ్లిన ఆయననే మళ్లీ పిలిచి, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రిని చేశారు. రాజధాని కర్నూలు. ఆయనకు అప్పటికి 81 ఏళ్లు. మద్యనిషేధం మద్రాసు నుంచి వారసత్వంగా వచ్చింది. దాన్ని ఎత్తివేయమని రామమూర్తి సంఘం సిఫారసు చేసింది. పంతులుగారు ససేమిరా అన్నారు. 1954 నవంబరులో శాసనసభలో ఒకే ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఆయనను దించినవారంతా తాగుబోతుల పక్షమని అనుకోరాదు. తాటిచెట్టు మీద బతికే గీతకార్మికుడికి నిషేధమంటే నోటి దగ్గర కూడు పోవడమే గదా! పత్రికకు ఆస్తి ధారపోసినప్పుడు నష్టం పంతులుగారిదే, తుపాకీ ముందు నిలిచినప్పుడూ అంతే. నమ్మకం చట్టమైతే మాత్రం దాని ఖర్చు ఇంకొకరి ఇంటిమీద పడుతుంది. ఉద్యమంలో ఆయనను నాయకుణ్ణి చేసిన మొండితనం ప్రభుత్వంలో నిలవనీయకపోవడానికి ఇదే ముఖ్యకారణమని నా అభిప్రాయం.

అయితే ఓటు కోసం మాట మార్చి ఉంటే గద్దె నిలిచేదేమో. ఆయన మార్చలేదు. 1957 మే 20న హైదరాబాదులో కన్నుమూసేనాటికి ఒకనాటి సంపాదన ఏమీ మిగల్లేదు. 1972లో ఒంగోలు జిల్లాకు ఆయన పేరు పెట్టారు.